సైన్స్ ఫెయిర్ ప్రాజెక్టు ఇక క్లాసులోనే, అందరికీ! ఎక్కడ మొదలుపెట్టాలి?

ఇంకు మరక

అందరికీ నమస్కారం. ఫిజిక్స్ టీచర్‌ని. వచ్చే ఏడాది నుంచి 8వ తరగతి పిల్లలందరూ తలా ఒక సైన్స్ ఫెయిర్ ప్రాజెక్టు చేయాలని, అది క్లాసు పనిలో భాగంగానే జరగాలని మా స్కూల్లో నిర్ణయించారు. ఇప్పటిదాకా ఆసక్తి ఉన్న పది పన్నెండు మంది సాయంత్రం ఆగి చేసుకునేవాళ్లు. ఇప్పుడు నాలుగు సెక్షన్లు, సెక్షన్‌కు 40 మంది, మొత్తం 160. చెప్పేది ఇద్దరమే, నేనూ ఇంకో మేడమూ.

ఆలోచన నాకు నచ్చింది. కాగితం మీద లెక్క వేసుకున్నాకే గుండె జారింది. ఒక్కో నోట్‌బుక్‌కు 15 నిమిషాలు పెట్టినా ఒకసారి చూడటానికే 40 గంటలు. సిలబస్ తగ్గదు, పీరియడ్లు పెరగవు. పిల్లల్ని "ఏదైనా ప్రశ్న ఎంచుకోండి" అంటే మర్నాడు 30 అగ్నిపర్వతాలు, 20 సౌరకుటుంబాలు వస్తాయని నాకు తెలుసు.

ఇలాంటిది ఎవరైనా నిజంగా చేసి చూశారా? పాఠంలో దీన్ని ఎక్కడ దూర్చాలి, మార్కులు దేనికి వేయాలి, ఏం మానేయాలి?

థర్మోకోల్ బాధితురాలు

టీచర్‌ని కాదండీ, ఇద్దరు పిల్లల తల్లిని. చెప్పకపోతే నిద్ర పట్టదని రాస్తున్నాను.

మా పెద్దది ఆరో తరగతిలో ఉన్నప్పుడు రాత్రి 11 గంటలకు గుర్తొచ్చింది, మర్నాడే సైన్స్ ఫెయిర్ అని. థర్మోకోల్ కోసింది నేను, రంగులు వేసింది వాళ్ల నాన్న, అక్షరాలు అతికించింది మా చెల్లెలు. పిల్ల సోఫాలో పడుకుని నిద్రపోయింది. రెండో బహుమతి వచ్చింది. ఇంటికొచ్చి "అమ్మా, నీకు రెండో ప్రైజ్ వచ్చింది" అంది. ఎగతాళి చేయలేదండీ, దానికి నిజంగానే అలా అనిపించింది.

క్లాసులోనే చేయిస్తారంటే నాకు సంతోషమే. ఒక్క విన్నపం. ఇంటికి ఏమీ పంపకండి.

జడ్జి టేబుల్

పైన రాసినది చదివి నవ్వొచ్చింది, తర్వాత కాస్త సిగ్గేసింది. ఆ రెండో బహుమతి ఇచ్చేవాళ్లలో నేనూ ఒకణ్ని కదా. చాలా ఏళ్లుగా స్కూలు స్థాయి ఫెయిర్లకు జడ్జిగా వెళ్తున్నాను.

ముందు ఒక విషయం తేల్చుకోవాలి. మోడల్ వేరు, పరిశోధన వేరు. అగ్నిపర్వతం బొమ్మ చేసి అందులోంచి నురగ రప్పిస్తే అది ప్రదర్శన. ఏం జరుగుతుందో ముందే తెలుసు. పరిశోధనంటే జవాబు తెలియని ప్రశ్న ఒకటి ఉండాలి, కొలవదగ్గది ఒకటి ఉండాలి, మార్చేది ఒక్కటే ఉండాలి. మన స్కూళ్లలో ఈ రెండింటినీ ఒకే టేబుల్ మీద పెట్టి ఒకే కొలతతో మార్కులేస్తాం. సహజంగానే మెరిసేది గెలుస్తుంది.

అంతర్జాతీయ ఫెయిర్ ఐసెఫ్‌లో మార్కులు ఎలా వేస్తారో చూడండి. 1950లో ఫిలడెల్ఫియాలో 30 మంది పిల్లలతో మొదలైన పోటీ అది. మొత్తం 100లో పరిశోధన ప్రశ్నకు 10, ప్రయోగ రూపకల్పనకు 15, కొలతలూ వాటి విశ్లేషణకు 20, సృజనాత్మకతకు 20. పోస్టర్‌కు ఎంతో తెలుసా? 10. పిల్లలతో ముఖాముఖి మాట్లాడటానికి 25. అంత పెద్ద పోటీలోనే అట్ట మీద అందానికి పదో వంతు కూడా దక్కదు, ఎందుకంటే ఆ పదిలోనూ స్పష్టతా క్రమమూ చూస్తారు. మరి ఎనిమిదో తరగతి పిల్లలకు మనం అలంకరణకు మార్కులు వేయడం ఏమిటి?

సిలబస్ గుమాస్తా

పాఠ్యప్రణాళికలు రాసే పనిలో ఉన్నాను కాబట్టి ఆ వైపు నుంచి చెప్తాను.

పరిశోధనను పాఠంలో కలపడం కొత్తేమీ కాదు. చాలా దేశాల్లో ఇంటర్ స్థాయిలో నడిచే ఇంటర్నేషనల్ బాకలారియేట్ డిప్లొమాలో ప్రతి విద్యార్థీ 4000 పదాలకు మించకుండా ఒక పరిశోధన వ్యాసం రాయాలి, తప్పించుకోవడానికి లేదు. అక్కడే సైన్స్ సబ్జెక్టుల్లో సొంత ప్రయోగానికి సుమారు 10 గంటలు కేటాయిస్తారు, దానికి 20 శాతం మార్కులు. ఇంగ్లండ్‌లో ఎక్స్‌టెండెడ్ ప్రాజెక్ట్ అని ఒకటుంది, దానికి 120 గంటలు లెక్కేస్తారు. హైస్కూలు పిల్లలకు కాలేజీ స్థాయి పాఠాలు చెప్పే, అమెరికా కాలేజ్ బోర్డ్ వాళ్ల అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్‌లో రీసెర్చ్ అనే కోర్సు ఏడాది పొడవునా నడుస్తుంది, చివర్లో 4000 నుంచి 5000 పదాల పేపరు, ఆపైన మౌఖిక పరీక్ష.

ఇవన్నీ పెద్ద క్లాసులవి, 8వ తరగతికి అంత అక్కర్లేదు. కానీ ఒక సంగతి గమనించండి. ఆ రీసెర్చ్ కోర్సులో చేరాలంటే అంతకుముందు ఏడాది సెమినార్ అనే కోర్సు చదివి ఉండాలి. ప్రశ్న వేయడం, ఆధారం చూడటం, వాదించడం ముందు విడిగా నేర్పి, ఆ తర్వాతే సొంత పరిశోధనలోకి దింపుతారు. మనవాళ్లు మాత్రం మొదటిరోజే "ప్రశ్న ఎంచుకో" అని పిల్లల్ని చెరువులోకి తోసేస్తారు, ఈత తర్వాత నేర్పుతాం అంటారు.

అమెరికా విద్యావేత్త జోసెఫ్ ష్వాబ్ 1960ల్లోనే ల్యాబ్ పనిని మెట్లుగా విడదీశాడు. తర్వాతివాళ్లు దాన్ని నాలుగు మెట్లు చేశారు. మొదటి మెట్టులో ప్రశ్న, పద్ధతి, జవాబు మూడూ మనమే ఇస్తాం. రెండో దాంట్లో జవాబు దాచేస్తాం. మూడో దాంట్లో ప్రశ్న మాత్రమే ఇచ్చి పద్ధతి వాళ్లకు వదిలేస్తాం. నాలుగో దాంట్లో ప్రశ్న కూడా వాళ్లదే. మన రికార్డు పుస్తకాల్లో ఉన్న ప్రాక్టికల్స్ దాదాపు అన్నీ మొదటి మెట్టువే. సైన్స్ ఫెయిర్ నాలుగోది. మధ్యలో రెండు మెట్లు లేకుండా ఎక్కమంటే ఎవరెక్కుతారు? అమ్మానాన్నల భుజాల మీదుగా ఎక్కుతారు.

అందుకని ఇంకు మరక గారికి నా సలహా, కొత్త పీరియడ్లు అడగొద్దు. ఇప్పుడు చేయిస్తున్న ప్రాక్టికల్స్‌లో నాలుగు తీసుకోండి. రెండింటిని రెండో మెట్టుకు, ఒకదాన్ని మూడో మెట్టుకు జరపండి. ఏడాది చివరి నాలుగోది సొంత ప్రశ్న. ప్రయోగాలు అవే, పరికరాలు అవే, సిలబస్ పేరా కూడా అదే.

పాత చాక్‌పీస్

ఇంతమంది ఉత్సాహం మీద నీళ్లు చల్లుతున్నానని తిట్టుకోవద్దు. 26 ఏళ్లుగా కెమిస్ట్రీ చెప్తున్నాను.

అందరికీ తప్పనిసరి చేసిన ఏ పనైనా మొక్కుబడి అవుతుంది. డ్రిల్లు, ప్రార్థన, రికార్డు పుస్తకం... ఏది మిగిలింది? ఆసక్తి ఉన్న పన్నెండు మంది ఇప్పుడు బాగా చేస్తున్నారు కదా. 160 మందికి పంచితే వాళ్లకు దక్కే సమయం కూడా పోతుంది. మిగతా 148 మంది ఏ సైటు నుంచో ఎత్తి రాసుకొస్తారు, ఇప్పుడైతే ఏఐతో రాయించుకొస్తారు. ఊదు కాలదు, పీరు లేవదు.

పైగా చివరికి పరీక్షలో అడిగేది పాఠం. "మీ ప్రయోగంలో ఏ చరాన్ని (మారగల అంశాన్ని) స్థిరంగా ఉంచారు" అని ఎవరూ అడగరు.

వెనక బెంచీ

పాత చాక్‌పీస్ మాస్టారూ, మీరంటే గౌరవమే, కానీ ఆ పన్నెండు మంది ఎవరో ఎప్పుడైనా చూశారా?

మా స్కూల్లోనూ సైన్స్ క్లబ్ ఉండేది. స్కూలు అయ్యాక గంటసేపు. నేను బస్సులో వెళ్లేవాణ్ని, బస్సు నాలుగుంబావుకి కదిలేది. కాబట్టి నాకు సైన్స్ మీద ఆసక్తి లేదు! రికార్డుల్లో అలాగే ఉంటుంది. క్లబ్‌లో ఉన్నవాళ్లలో సగం మంది ఇళ్లలో ఇంజినీరో డాక్టరో ఉండేవాళ్లు, మిగతా సగం స్కూలు పక్కనే ఉండేవాళ్లు.

తొమ్మిదిలో ఒక మేడమ్ లోలకం ప్రాక్టికల్‌ను మామూలుగా చేయించలేదు. "బరువు పెంచితే ఊగే సమయం మారుతుందా? మీరే తేల్చండి" అని వదిలేశారు. పుస్తకంలో మారదని ఉంది, మాకు తెలుసు. మా గ్రూపుకు మారింది. దారం చివర ఒక వాషర్ కడితే పది ఊపులకు 10.2 సెకన్లు. ఆరు వాషర్లు కడితే 10.8. మూడుసార్లు చేశాం, మూడుసార్లూ అంతే. పక్క గ్రూపువాళ్లు చడీచప్పుడు లేకుండా 10.2 అని దిద్దేసుకున్నారు. మేం దిద్దుకోలేదు, ధైర్యంతో ఏమీ కాదు, మావాడు అప్పటికే పెన్నుతో రాసేశాడు.

మేడమ్ వచ్చి చూసి తప్పు అనలేదు. "దారం ఎంత పొడవు?" అన్నారు. 25 సెంటీమీటర్లు అన్నాం. "ఎక్కడి నుంచి ఎక్కడికి?" పై మేకు నుంచి ముడి దాకా. "లోలకం ఎక్కడ అయిపోతుంది?" అని అడిగి వెళ్లిపోయారు. అరగంట పట్టింది మాకు. వాషర్లు ఒకదాని కింద ఒకటి వేలాడదీశాం. ఒక్కటే ఉన్నప్పుడు దాని మధ్యబిందువు ముడికి ఒక సెంటీమీటరు కింద. ఆరు ఉన్నప్పుడు నాలుగు సెంటీమీటర్ల కింద. అంటే లోలకం 26 నుంచి 29 సెంటీమీటర్లయింది. బరువుతో పాటు పొడవునూ మార్చేశాం, మాకే తెలియకుండా. ఆరింటినీ ఒక్కచోట గుత్తిగా కట్టి మళ్లీ ఊపితే 10.2 వచ్చింది.

ఇప్పుడు ఇంజినీరింగ్ చదువుతున్నాను. ఆ 10.8 ఇప్పటికీ గుర్తుంది. ఏ పరీక్షలోనూ అడగలేదు, నిజమే.

ఇంకు మరక

వెనక బెంచీ తమ్ముడూ, ఈ ప్రయోగాన్ని నేను దొంగిలిస్తున్నాను. ముందే చెప్తున్నా.

గుమాస్తా గారి నాలుగు మెట్ల మాట కూడా నచ్చింది. కానీ మూడో మెట్టుకు వచ్చేసరికి 40 మంది 40 రకాలుగా చేస్తుంటే ఒక్క టీచర్ ఎలా నెగ్గుకురావాలి?

సిలబస్ గుమాస్తా

ముగ్గురేసి గ్రూపులు చేయండి. 40 మందికి 13 గ్రూపులే, ఒకదాంట్లో నలుగురు. ప్రశ్నలు కూడా పూర్తిగా తెరిచి పెట్టకండి. అందరికీ ఒకే వస్తువు ఇవ్వండి, ప్రశ్న మాత్రం వాళ్లది. కాగితం హెలికాప్టర్ ఇందుకు బాగా పనికొస్తుంది. రెండు రెక్కలు కత్తిరించి, కింద క్లిప్పు గుచ్చి, రెండు మీటర్ల ఎత్తు నుంచి వదలడమే. ఒక గ్రూపు రెక్క పొడవు మారుస్తుంది, ఇంకోటి క్లిప్పుల సంఖ్య, ఇంకోటి కాగితం మందం. వస్తువు ఒక్కటే కాబట్టి ఎక్కడ తప్పుతారో మీకు ముందే తెలుసు, ఒకరి కొలతలను ఇంకొకరు నిలదీయగలరు కూడా.

జడ్జి టేబుల్

దీనికి ఒక చిన్న హెచ్చరిక. హెలికాప్టర్ ఒకటి రెండు సెకన్లలో కిందపడుతుంది. స్టాప్‌వాచ్ నొక్కే చేతికే ఇంచుమించు 0.2 సెకను ఆలస్యం ఉంటుంది. రెక్క ఒక సెంటీమీటరు పెంచితే వచ్చే తేడా అందులోనే కొట్టుకుపోవచ్చు. ఫోన్‌లో వీడియో తీసి ఫ్రేములు లెక్కపెట్టమనండి, సెకనుకు 30 ఫ్రేములు. లోలకానికి పది ఊపులు కొలిచి పదితో భాగించడం కూడా ఇదే కిటుకు, చేతి తప్పు పదో వంతుకు పడిపోతుంది.

పిల్లలు 1.43728 సెకన్లు అని కాలిక్యులేటర్ చూపినదంతా రాసుకొస్తారు. "నీ వాచీకి ఇది కనిపిస్తుందా?" అని అడిగితే చాలు, ఆరోజు పాఠం అయిపోయినట్టే.

లెక్కల మాస్టారు

సైన్స్ వాళ్లంతా మాట్లాడుకుంటున్నారు, మమ్మల్ని ఎవరూ పిలవరు. పిలవకపోయినా వచ్చాను.

ప్రతి ఫెయిర్‌లోనూ ఒకటి కనిపిస్తుంది: సంగీతం వినిపిస్తే మొక్క ఎత్తుగా పెరుగుతుందా. సంగీతం విన్నది ఒక కుండీ, విననిది ఒక కుండీ. విన్నది రెండు సెంటీమీటర్లు ఎక్కువ పెరిగింది, కాబట్టి నిరూపితం. అయ్యా, రెండు కుండీలు పెడితే ఏదో ఒకటి ఎత్తుగా ఉండక తప్పదు కదా! నాణెం ఎగరేసినా అంతే తేలేది. అదే మొక్కను 30 రోజులు కొలిచి "30 రీడింగులు తీశాం" అంటారు. అది ఒక మొక్కను 30 సార్లు చూడటం, 30 మొక్కలను చూడటం కాదు.

8వ తరగతికి టి-టెస్ట్ లాంటి గణాంక పరీక్షలు చెప్పక్కర్లేదు. చీటీలు చాలు. నాలుగు కుండీలకు సంగీతం, నాలుగింటికి లేదు. చివర్లో సంగీతం విన్న నాలుగూ మిగతా నాలుగింటి కంటే ఎత్తుగా ఉన్నాయనుకోండి. అది కేవలం అదృష్టం వల్ల జరిగే అవకాశం ఎంత? ఎనిమిదిలోంచి నాలుగింటిని ఎంచుకోవడానికి 70 రకాలున్నాయి, అందులో ఇది ఒకటి. 70లో 1. మూడేసి కుండీలే పెట్టుంటే 20లో 1. ఒక్కొక్కటే అయితే 2లో 1. ఎన్ని కుండీలు పెట్టాలో ఈ లెక్కే చెప్తుంది.

గణాంక శాస్త్రవేత్త రోనాల్డ్ ఫిషర్ 1935లో టీ కప్పులతో చెప్పింది ఇదే. పాలు ముందు పోశారా తర్వాత పోశారా అన్నది రుచి చూసి చెప్పగలనని ఒకావిడ అంటే, ఎనిమిది కప్పులతో, నాలుగు ఇలా నాలుగు అలా, ఆ మాట నిజమో కాదో ఎలా పరీక్షించాలన్న ఉదాహరణ అది. అక్కడా 70లో 1 అన్న లెక్కే. పిల్లలతో చీటీలు వేయించండి, వంద సార్లు కలిపి తీయమనండి. నా సంభావ్యత పాఠం కూడా అక్కడే అయిపోతుంది. ఆ రెండు పీరియడ్లు నా వైపు నుంచి ఇస్తాను, రాసుకోండి.

ఏ కుండీ ఎక్కడ పెట్టాలన్నది కూడా చీటీ వేసే తేల్చాలి. కిటికీ పక్కన ఒక వరుస, గోడ పక్కన ఒక వరుస పెడితే వాళ్లు కొలిచేది సంగీతాన్ని కాదు, ఎండని.

ఇంకు మరక

మాస్టారూ, ఆ రెండు పీరియడ్లు రాసుకున్నాను. తర్వాత మాట మార్చకూడదు!

ల్యాబ్ తాళాలు

ల్యాబ్ అసిస్టెంట్‌ని. ఈ చర్చలో ఎవరూ అడగని ప్రశ్న నేను అడుగుతాను. అవన్నీ ఎక్కడ పెడతారు?

ఒక సెక్షన్‌కు, గ్రూపుకు ఎనిమిదేసి కుండీలు అనుకుంటే, 13 గ్రూపులకు 104 కుండీలు. నాలుగు సెక్షన్లకు 416. మా ల్యాబ్‌లో ఖాళీ కిటికీ అరుగులు మూడు. శని, ఆదివారాలు నీళ్లు ఎవరు పోస్తారు? సెలవుల తర్వాత వచ్చి చూస్తే అన్నీ ఎండిపోయి ఉంటాయి, పిల్లలు ఏడుస్తారు, మాట నాకు వస్తుంది.

అందుకే చెప్తున్నాను, రోజుల తరబడి సాగే ప్రయోగం ఏ ఒకటి రెండు గ్రూపులకో ఇవ్వండి. మిగతావాళ్లకు ఒకే డబుల్ పీరియడ్‌లో ముగిసేవి ఇవ్వండి. లోలకం, హెలికాప్టర్, ఉప్పు ఎంత వేడికి ఎంత కరుగుతుంది, ఏ బంతి ఎంత ఎగురుతుంది. డబుల్ పీరియడ్ చివరి పది నిమిషాలు సర్దడానికే. గ్రూపుకో ట్రే, ట్రే మీద టేపు అంటించి గ్రూపు పేరు. పేరు లేని ట్రే సాయంత్రానికి కడిగేస్తాను, ఇది ముందే చెప్పేయండి.

ఇంకోటి, సూక్ష్మజీవులు. బ్రెడ్డు బూజు, తలుపు గొళ్లెం మీది బాక్టీరియా అంటే పిల్లలకు మహా సరదా. ఐసెఫ్ నిబంధనల్లో బాక్టీరియాను ఇంట్లో పెంచడం పూర్తిగా నిషేధం. స్కూల్లోనైనా మూత టేపుతో మూసి ఉండాలి, తెరవకూడదు, పారేసే ముందు చంపేయాలి. ఆ వసతి లేని చోట అసలు ఒప్పుకోకండి.

కొత్త టీచర్

మనుషుల మీద చేసే సర్వేలకు కూడా అనుమతి కావాలంటారు, నిజమేనా? మా పిల్లలు ఎక్కువగా అవే చేస్తామంటున్నారు, "ఎంతసేపు ఫోన్ చూస్తారు, మార్కులెన్ని" లాంటివి.

జడ్జి టేబుల్

నిజమే. ఐసెఫ్‌లో మనుషుల మీద పరిశోధనంటే, ప్రశ్నపత్రం ఇచ్చినా సరే, మొదలుపెట్టడానికి ముందే సమీక్షా సంఘం చూసి ఒప్పుకోవాలి. తర్వాత ఒప్పుకోవడం ఉండదు. మీ స్కూలు ఫెయిర్ అక్కడిదాకా వెళ్లదనుకున్నా ఆ అలవాటు చేయించండి. తోటి పిల్లల మార్కులు, బరువు, ఇంటి విషయాలు అడిగి చార్టు మీద రాసేస్తారు, ఎవరివో అందరికీ తెలిసిపోతుంది. ఒక టీచరు, క్లాసుకు సంబంధం లేని మరొకరు, పిల్లలు రాసిన ప్రశ్నలన్నీ ముందు చదవాలి. పది నిమిషాల పని.

పైగా ఫోన్‌కీ మార్కులకీ సంబంధం దొరికినంత మాత్రాన ఫోన్ వల్లే మార్కులు తగ్గాయని చెప్పలేం. ఏది దేనికి కారణమో తేల్చాలంటే ఒకదాన్ని మనమే మార్చి చూడాలి. మొదటి ప్రాజెక్టుకు సర్వే వద్దనే నా అభిప్రాయం.

పాత చాక్‌పీస్

రెండు రోజులుగా చదువుతున్నాను. వెనక బెంచీ బాబు బస్సు మాట గుచ్చుకుంది, ఒప్పుకుంటున్నాను. నేను నడిపిన క్లబ్ కూడా సాయంత్రాలే.

కానీ మార్కుల సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు. కాపీని ఎలా పట్టుకుంటారు? నిన్న ఒక పిల్ల తెచ్చిన రిపోర్టు నా థీసిస్ కంటే బాగుంది. "చరము అంటే ఏమిటమ్మా" అంటే నేల చూసింది.

జడ్జి టేబుల్

మాస్టారూ, మీరు పట్టేసుకున్నారు కదా, ఒక్క ప్రశ్నతో! ముఖాముఖికి 25 మార్కులు పెట్టింది ఊరికే కాదు.

నాకైతే రిపోర్టే వద్దు. నోట్‌బుక్ చాలు. చేతిరాత, పెన్ను, ప్రతి పేజీకి తేదీ. తప్పు రాస్తే ఒక్క గీత కొట్టాలి, కింద ఏముందో కనిపించాలి. పేజీ చించకూడదు. క్లాసులోనే రాయాలి, క్లాసులోనే ఉండాలి. ల్యాబ్ తాళాలు గారు బీరువాలో పెట్టి తాళం వేస్తారు. ఇంటికి వెళ్లని నోట్‌బుక్‌ను ఏఐ రాయలేదు, అమ్మ రాయలేదు.

నేనైతే నోట్‌బుక్‌కు 40, ప్రయోగ పథకానికి 20, ముఖాముఖికి 30, చార్టుకు 10 వేస్తాను. ముఖాముఖికి గ్రూపుకు ఐదు నిమిషాలు. 13 గ్రూపులంటే 65 నిమిషాలు, రెండు పీరియడ్లలో తేలిపోతుంది. ముగ్గురిలో ఎవరిని అడుగుతారో ముందే చెప్పకండి. నేను ఎప్పుడూ అడిగేవి మూడే. ఏ రీడింగ్ చూసి ఆశ్చర్యపోయావు? మళ్లీ చేస్తే ఏం మారుస్తావు? ఈ అంకె ఎవరు కొలిచారు, ఎక్కడ నిలబడి? మూడో ప్రశ్నకు కాపీ కొట్టినవాడు జవాబు చెప్పలేడు.

ఫలితం అనుకున్నట్టు రాకపోతే మార్కులు తగ్గించకూడదు. ఈ ముక్క పేపరు మీద రాసి పిల్లలకు మొదటిరోజే ఇవ్వండి. లేకపోతే అందరూ 10.2 అని దిద్దేసుకుంటారు.

ఇంకు మరక

మరి ఫెయిర్? అది తప్పనిసరేనా?

సిలబస్ గుమాస్తా

నా ఓటు వద్దనే. ప్రయోగం అందరికీ, ఫెయిర్ ఇష్టమున్నవాళ్లకు. క్లాసులో ముఖాముఖితో ప్రతి పిల్లకూ పని పూర్తవుతుంది, మార్కులూ వస్తాయి. అక్కడి నుంచి దాన్ని పెంచుకుని ఫెయిర్‌కు వెళ్దామనుకున్నవాళ్లు వెళ్తారు. పాత చాక్‌పీస్ గారి క్లబ్ వాళ్లకే, ఈసారి ఆ పన్నెండు మంది 160 మందిలోంచి వస్తారు. కుదిరితే క్లబ్‌ను మధ్యాహ్నం పెట్టండి మాస్టారూ, బస్సు కదలకముందు.

పాత చాక్‌పీస్

మధ్యాహ్నం నాకు నిద్రొస్తుంది. చూద్దాం.

థర్మోకోల్ బాధితురాలు

చార్టుకు ఇంకా 10 మార్కులు ఉన్నాయి. నేను గమనించాను.

జడ్జి టేబుల్

అదీ క్లాసులోనే గీయిద్దామండీ. నాలుగు డ్రాయింగ్ షీట్లు, స్కెచ్ పెన్నులు, ఒక పీరియడ్. మెరుపు కాగితం, థర్మోకోల్ నిషేధం.

ఇంకు మరక

నెలన్నర తర్వాత వస్తున్నాను, క్షమించాలి. వచ్చే ఏడాది దాకా ఆగలేక ఒక్క సెక్షన్‌లో లోలకం చేసి చూశాను. రెండో మెట్టు, డబుల్ పీరియడ్, 13 గ్రూపులు. నోట్‌బుక్‌లు బీరువాలోనే.

తొమ్మిది గ్రూపులు వాషర్లను ఒకదాని కింద ఒకటి వేలాడదీశాయి. చెప్పకుండా ఊరుకోవడం ఎంత కష్టమో ఆరోజు తెలిసింది, నాలుక కొరుక్కున్నాను. ఆ తొమ్మిదింటిలో ఐదు గ్రూపులకు సమయం పెరిగింది, అలాగే రాశాయి. నాలుగు గ్రూపులకు పుస్తకంలో ఉన్నట్టే వచ్చింది, అంటే దిద్దుకున్నారు. వాళ్ల పేజీల్లో గీత కొట్టినవి ఒక్కటీ లేదు, అంత శుభ్రంగా ఉంటే అనుమానం రాదా మరి. తిట్టలేదు. ఐదు గ్రూపుల రీడింగులు, నాలుగు గ్రూపుల రీడింగులు బోర్డు మీద పక్కపక్కన రాసి "ఒకే దారం, ఒకే వాషర్లు, ఎందుకు తేడా?" అన్నాను. కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒక పిల్లాడు లేచి, "సార్, మాది మళ్లీ కొలవచ్చా?" అన్నాడు.

ఆ పీరియడ్‌లో సిలబస్ ప్రకారం అరపేజీ వెనకబడ్డాను. అది ఇంకా అందుకోలేదు, దాచడం ఎందుకు. ముఖాముఖి కూడా ఐదు నిమిషాల్లో తేలలేదు, ఎనిమిది పట్టింది. రెండు పీరియడ్లు అనుకున్నది మూడయ్యాయి. పిల్లలు మాట్లాడటం మొదలుపెడితే ఆపబుద్ధి కాదు, అక్కడ నాదే తప్పు.

దిద్దుకున్న ఆ నాలుగు గ్రూపుల్లో ఒకటి ఇప్పుడు దారం బరువు కూడా లెక్కలోకి వస్తుందా అని అడుగుతోంది. అది నేను చెప్పింది కాదు, ఏ పుస్తకంలోనూ చూసింది కాదు. లావు తాడు, సన్న దారం తెచ్చుకుని మధ్యాహ్నం ల్యాబ్‌లో కూర్చుంటామంటున్నారు. మా ల్యాబ్ అన్నను బతిమాలి తాళం ఇప్పించాలి.

ల్యాబ్ తాళాలు

తాళం తప్పకుండా ఇస్తారు లెండి, మేం పైకే అరుస్తాం. కానీ ముందు వాషర్లు లెక్కపెట్టి అప్పజెప్పమనండి. ఇలాంటి రోజున మా దగ్గరైతే కనీసం ఆరు తగ్గుతాయి.